ఆఫీసు టోక్యోలో.. ఇల్లు కవాగుచిలో!

ఆఫర్ లెటర్‌లో ‘వర్క్ లొకేషన్: టోక్యో’ అని ఉంటుంది. ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. వాట్సాప్ స్టేటస్‌లో టోక్యో టవర్ ఫొటో ఎక్కేస్తుంది. ఆ రాత్రి కూర్చుని అద్దెల వెబ్‌సైట్ తెరుస్తారు చూడండి, అసలు సినిమా అప్పుడు మొదలవుతుంది. ఆఫీసుకు దగ్గర్లో చిన్న గది అద్దె చూస్తే జీతంలో ఎంత మిగులుతుందో లెక్క తేలిపోతుంది. మ్యాప్‌ను మెల్లగా పైకి జరుపుతారు. ఒక నది కనిపిస్తుంది. నది దాటగానే అద్దె దిగుతుంది. అక్కడున్న ఊరి పేరే కవాగుచి.

నేనూ అలాగే చేరాను. బీటెక్ అయ్యాక కొన్నాళ్లు ఇక్కడ పనిచేసి, కంపెనీ ప్రాజెక్టు మీద ఆరు నెలలు జపాన్ వెళ్లాను. ఆఫీసు టోక్యోలో, పడక కవాగుచి పక్కన. మొదట్లో ‘ఏముందిలే ఈ ఊళ్లో, నిద్రపోవడానికేగా’ అనుకున్నా. ఆరు నెలలయ్యాక అభిప్రాయం మారింది. జపాన్‌లో ఉద్యోగం గురించి కాలేజీ సెమినార్లలో చెప్పని సంగతులు ఈ ఒక్క ఊరి చరిత్రలో దొరుకుతాయి. ఒక పని ఎలా పుడుతుంది, ఎలా పోతుంది, పోయాక మనుషులు ఏం చేస్తారు, బయటి నుంచి వచ్చినవాళ్లను ఊరు ఎలా చూస్తుంది... అన్నీ ఉన్నాయి. జపాన్ వెళ్లే ఆలోచన మీకు ఉన్నా లేకున్నా ఒకసారి చదవండి.

నది దాటితే టోక్యో

టోక్యోకి ఉత్తరాన ఉన్న రాష్ట్రం లాంటి ప్రాంతం పేరు సైతామా. జపాన్‌లో వీటిని ప్రిఫెక్చర్లు అంటారు. సైతామా దక్షిణపు అంచున, అరాకవా నది ఒడ్డున ఉంది కవాగుచి. విస్తీర్ణం దాదాపు 62 చదరపు కిలోమీటర్లు, జనాభా దాదాపు 6 లక్షలు. ఆ పేరుకు అర్థం కూడా ‘నది ముఖం’ అనే.

ఊరికి ప్రాణం లాంటిది కేహిన్-తోహోకు లైన్. లేత నీలం పట్టీ ఉండే పది పెట్టెల లోకల్ ట్రైన్ ఇది. కవాగుచిలో ఎక్కితే వంతెన మీదుగా నది దాటి తర్వాతి స్టేషన్ అకబానె. అది టోక్యోనే. అక్కడి నుంచి ఉఎనో, అకిహబరా, టోక్యో స్టేషన్... మొత్తం దాదాపు 25 నిమిషాలు. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో పట్టే టైమ్‌తో పోల్చుకుని ఏడవొద్దు!

కాకపోతే ఆ 25 నిమిషాలు సుఖంగా గడుస్తాయనుకుంటే పొరపాటే. ఆ లైన్ మొత్తంలో ఉదయం పూట అత్యంత రద్దీగా ఉండేది సరిగ్గా కవాగుచి-అకబానె మధ్యనే. బ్యాగు వీపు మీద నుంచి తీసి ముందుకు వేసుకోవాలి. ఫోన్ మాట్లాడకూడదు. మొదటి వారం నాకు చెయ్యి పైకెత్తితే మళ్లీ దించే చోటు దొరకలేదు. ట్రైన్ లేటైతే మాత్రం రైల్వేవాళ్లే ‘ఆలస్య ధ్రువపత్రం’ ఇస్తారు. దాన్ని ఆఫీసులో చూపిస్తే సరిపోతుంది. మన కాలేజీ బస్సుకీ ఇలాంటిది ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పొద్దున్నే టోక్యో వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఇలాంటి వాళ్లను జపాన్‌లో సరదాగా ‘సైతామా తోమిన్’ అంటారు. అంటే సైతామాలో పడుకునే టోక్యో పౌరులు అన్నమాట. పగలు ఈ ఊళ్లో ఉండే జనం రాత్రి ఉండే జనం కంటే తక్కువ. జపనీయులు వాడే ఇంగ్లిష్ మాట ‘బెడ్ టౌన్’ అచ్చంగా సరిపోతుంది.

కానీ ఈ ఊరు బెడ్ టౌన్‌గా పుట్టలేదు. అసలు ఇక్కడెవరూ పెందలాడే పడుకునేవాళ్లే కాదు. రాత్రుళ్లు కూడా కొలిమి మంట కనిపించే ఊరిది.

ఇసుకే పెట్టుబడి

మెకానికల్ వాళ్లకు వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తుందా? కింద డ్రాగ్ పెట్టె, పైన కోప్ పెట్టె, మధ్యలో చెక్క ప్యాటర్న్, చుట్టూ తడి ఇసుక దట్టించడం. స్ప్రూ, రైజర్ తీసేటప్పుడు ఇసుక జారిపోతే మళ్లీ మొదటికి. రికార్డులో బొమ్మ గీసి మార్కులు వేయించుకుని మర్చిపోయిన ఆ ఎక్స్‌పెరిమెంటే కవాగుచికి కొన్ని వందల ఏళ్లు అన్నం పెట్టింది.

పోత పోయడానికి అన్ని ఇసుకలూ పనికిరావు. కరిగిన ఇనుము వేడికి తట్టుకోవాలి, వాయువులు బయటికి పోనివ్వాలి, అచ్చు విరగకుండా పట్టు ఉండాలి. అరాకవా నదీ తీరంలో, దాని ఉపనది షిబ తీరంలో అచ్చులకు పనికొచ్చే ఇసుక, బంకమట్టి దొరికాయి. తయారైన సరుకును పడవల్లో వేసుకుంటే దిగువనే పెద్ద మార్కెట్. ఇప్పటి టోక్యోకి అప్పటి పేరు ఎదో. ముడిసరుకు, రవాణా, కొనుగోలుదారు మూడూ ఒకేచోట కుదిరితే పరిశ్రమ తనంతట తానే వేళ్లూనుకుంటుంది. ఎదో కాలం (1603-1868) నాటికే ఇక్కడ వంటపాత్రలు, కెటిల్స్ పోతపోసేవారు. షోగున్ నిక్కో యాత్రకు వెళ్లే దారి కూడా ఈ ఊరి మీదుగానే. దారి పక్క మజిలీగా జనం రాకపోకలు ఉండేవి.

1868 తర్వాత జపాన్ గబగబా పారిశ్రామిక దేశంగా మారింది. కుండలు పోసిన చేతులే యంత్ర భాగాలు, నీటి పైపులు, యుద్ధ సామగ్రి పోయడం మొదలుపెట్టాయి. 1910లో రైల్వే స్టేషన్ వచ్చింది. 1933లో కవాగుచి పట్టణం, చుట్టుపక్కల మూడు గ్రామాలు కలిసి నగరమైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాన్ని మళ్లీ కట్టుకునేటప్పుడు స్టవ్‌లు, కుట్టుమిషన్ భాగాలు, మ్యాన్‌హోల్ మూతలు, మెషిన్ టూల్ బెడ్లు... అన్నిటికీ కవాగుచే అడ్రస్. మన బాలానగర్‌నో, విజయవాడ ఆటోనగర్‌నో ఊహించుకోండి. ఇంట్లోనే షెడ్డు, షెడ్డులోనే కొలిమి, నాన్న మేస్త్రీ, కొడుకు హెల్పర్. అలాంటి చిన్న యూనిట్లు వందల్లో ఉండేవి.

ఆ కొలిమి పేరు క్యూపోలా. నిలువు గొట్టంలా పొడుగ్గా ఉంటుంది. పైనుంచి కోక్, ఇనుము, సున్నపురాయి పొరలు పొరలుగా వేస్తారు. కింద నుంచి గాలి ఊదుతారు. కరిగిన ఇనుము అడుగున చేరుతుంది. రంధ్రం తెరిస్తే నిప్పుల ధారలా బయటికొస్తుంది. ఒకప్పుడు ఈ ఊరి ఆకాశంలో కనిపించేవన్నీ ఆ క్యూపోలాల పొగగొట్టాలే.

పగిలిన అచ్చు

ఇంటర్వ్యూల్లో ‘మీ ఫెయిల్యూర్ గురించి చెప్పండి’ అని అడుగుతుంటారు కదా. మనం తడుముకుని ‘నేను పర్ఫెక్షనిస్టుని సార్’ అంటాం. కవాగుచిని అడిగితే ఏం చెబుతుందో వినండి.

1958లో టోక్యోలో ఆసియా క్రీడలు. నేషనల్ స్టేడియంలో జ్యోతి వెలిగించడానికి ఒక పెద్ద పోత ఇనుప పాత్ర కావాలి. ఎత్తు, వ్యాసం రెండూ దాదాపు 2.1 మీటర్లు. గడువు చాలా తక్కువ. కవాగుచిలో పేరున్న పోత పనివాడు సుజుకి మన్నోసుకె ఆ పని ఒప్పుకున్నాడు. అప్పటికే ఆయనకు అరవై దాటేశాయి. కొడుకు బుంగోతో కలిసి అచ్చు తయారుచేశాడు. తీరా కరిగిన ఇనుము పోస్తుంటే అచ్చు తట్టుకోలేక పగిలిపోయింది. రెండు నెలల కష్టం నేలపాలు.

పెద్దాయన మంచం పట్టాడు. కొన్ని రోజులకే చనిపోయాడు. బుంగో ముందు రెండే దారులు. చేతులెత్తేయడం, లేదా మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టడం. ఆయన, కుటుంబసభ్యులు రాత్రింబవళ్లు కూర్చుని కొద్ది వారాల్లోనే రెండో అచ్చు చేశారు. ఈసారి పోత నిలబడింది. పాత్ర మీద తండ్రి పేరు వచ్చేలా ‘సుజుమన్’ అనే అక్షరాలు ఉంచారు.

ఆ పాత్రనే 1964 టోక్యో ఒలింపిక్స్‌లోనూ వాడారు. అణుబాంబు పడిన 1945 ఆగస్టు 6న హిరోషిమా ప్రాంతంలో పుట్టిన యోషినోరి సకాయ్ అనే కుర్రాడు మెట్లెక్కి జ్యోతి వెలిగించింది అందులోనే. బుంగో తర్వాత చాలా ఏళ్లు స్టేడియానికి వెళ్లి ఆ పాత్రను స్వయంగా తుడిచి మెరుగుపెట్టేవాడు.

నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. మొదటిసారి విఫలమైన ఆ పాత్రను ఊరివాళ్లు తుక్కుకి వేయలేదు. బాగుచేసి కవాగుచిలోని అఒకిచో పార్కులో పెట్టారు. గెలిచినది టోక్యో స్టేడియానికి పోయింది. ఓడినది ఇంట్లో మిగిలింది. ఓ ఆదివారం వెళ్లి చూశాను. పక్కన పిల్లలు ఆడుకుంటున్నారు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని రెజ్యూమెలో ఎలా దాచాలా అని బుర్ర బద్దలుకొట్టుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.

చదువా? పనా?

1962లో ‘క్యూపోలా ఉన్న ఊరు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక జపాన్ సినిమా వచ్చింది. దర్శకుడు కిరియో ఉరయమ. సయూరి యోషినాగ కథానాయిక. కథ జరిగేది కవాగుచిలోనే. తండ్రి పాతకాలపు పోత పనివాడు. ఫౌండ్రీ చేతులు మారగానే ఉద్యోగం పోతుంది. కూతురు జూన్ తొమ్మిదో తరగతి చదువుతుంటుంది. పైచదువుకు వెళ్లాలని ఆశ. ఇంట్లో డబ్బు ఉండదు. చివరికి ఆ అమ్మాయి ఫ్యాక్టరీలో పనిచేస్తూ రాత్రి బడిలో చదువుకోవడానికి సిద్ధపడుతుంది.

బాధేసింది గానీ, సినిమాలో నాకు ఎక్కువగా తగిలింది తండ్రి పాత్ర. చేతిలో పని ఉంది, గర్వం ఉంది. కానీ యంత్రాలున్న కొత్త ఫ్యాక్టరీలో అడుగుపెడితే ఆ పనితనానికి విలువ లేదు. ఇవాళ ‘ఏఐ వచ్చి మన కోడింగ్ ఉద్యోగాలు తినేస్తుందా’ అని గ్రూపుల్లో చర్చించుకుంటున్న మనకు ఆ మొహం కొత్తగా అనిపించదు. ఆ ప్రశ్న అరవై ఏళ్ల కిందటే ఈ ఊళ్లో ప్రతి ఇంటి గుమ్మంలో నిలబడింది.

కొలిమి పోయి కాండో వచ్చె

1973 వరకూ పరిశ్రమ బాగానే పరిగెత్తింది. ఆ ఏడాది చమురు సంక్షోభం వచ్చింది. ఇంధనం ధర పెరిగింది, ఆర్డర్లు తగ్గాయి. పిల్లలు నాన్నల కొలిమి దగ్గర నిలబడటానికి ఇష్టపడలేదు. ఇంకోవైపు టోక్యోలో భూముల ధరలు ఆకాశాన్నంటాయి. నది అవతలే, 25 నిమిషాల దూరంలో ఫ్యాక్టరీల కింద స్థలం ఉంది. ఇక చెప్పేదేముంది? ఫౌండ్రీ యజమానులు ఒక్కొక్కరే స్థలాలు అమ్ముకున్నారు. కొందరు తమ స్థలంలోనే అపార్ట్‌మెంట్లు కట్టి అద్దెలకిచ్చారు. సనత్‌నగర్, బాలానగర్ వైపు షెడ్ల స్థానంలో టవర్లు లేవడం చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు.

1998లో పూర్తయిన ఎల్సా టవర్ 55 ఇందుకు పెద్ద గుర్తు. ఫ్యాక్టరీ ఉన్న స్థలంలోనే లేచిన 55 అంతస్తుల నివాస భవనం, ఎత్తు 185 మీటర్లు. స్టేషన్ దగ్గరి సప్పోరో బీర్ ఫ్యాక్టరీ 2003లో మూతపడితే ఆ స్థలంలో షాపింగ్ మాల్, ఇళ్లు వచ్చాయి. స్టేషన్ తూర్పు వైపు 2006లో తెరిచిన భవనంలో సిటీ లైబ్రరీ ఉంది. దాని పేరు ‘క్యూపో-లా’. కొలిమి పోయినా పేరు మిగిలింది.

ఇక్కడో తమాషా జరిగింది. కొత్తగా ఫ్లాట్లు కొన్నవాళ్లు పక్కనే మిగిలిన ఫౌండ్రీల మీద ఫిర్యాదులు మొదలుపెట్టారు. చప్పుడు, వాసన, పొగ అని. తాతల కాలం నుంచి ఉన్న ఫ్యాక్టరీ తప్పుచేసినట్టు నిలబడాల్సి వచ్చింది. కొందరు ఊరి చివరి పారిశ్రామికవాడలకు తరలిపోయారు. కొందరు నాణ్యత పెంచుకుని, కష్టమైన భాగాలే పోస్తూ ఇప్పటికీ నిలబడ్డారు. ‘ముందు ఎవరొచ్చారు’ అనే ప్రశ్నకు ఈ ఊళ్లో జవాబు మారుతూనే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

ఊరంతా ఇనుమే అనుకోకండి. ఈశాన్యంలోని అంగ్యో ప్రాంతం మొక్కల నర్సరీలకు ప్రసిద్ధి. 1657లో ఎదో నగరాన్ని బూడిద చేసిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత అక్కడికి చెట్లు, పూలమొక్కలు పంపడంతో ఆ వ్యాపారం మొదలైందని చెబుతారు. మనకు కడియం ఎలాగో టోక్యోకి అంగ్యో అలాగ.

2011లో పక్కనే ఉన్న హతోగయా కవాగుచిలో కలిసింది. టోక్యో పరిసరాల్లో నిజంగా నివాసానికి అనువైన ఊళ్లంటూ ఓ గృహరుణ సంస్థ వేసిన జాబితాలో 2020, 2021 రెండేళ్లూ కవాగుచే మొదటి స్థానంలో నిలిచింది. పొగగొట్టాల ఊరికి ఇది చిన్న ప్రయాణం కాదు.

ఆ పదిహేను అంతస్తుల్లో ఎవరున్నారు?

ఇక మనకు నేరుగా సంబంధించిన చోటుకు వద్దాం. కవాగుచి సరిహద్దులో, వరాబి స్టేషన్‌కి నడిచివెళ్లే దూరంలో షిబజోనో దాంచి ఉంది. ‘దాంచి’ అంటే ప్రభుత్వరంగంలో కట్టిన పెద్ద హౌసింగ్ కాలనీ. 1978లో పూర్తయింది. గోడలా నిలబడిన 15 అంతస్తుల బ్లాకులు, 2,400కు పైగా ఫ్లాట్లు. అంతకుముందు అక్కడ రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. మొదటి తరం షింకన్సెన్ అంటే బుల్లెట్ రైలు పెట్టెలు తయారైన చోట్లలో అదొకటి.

కట్టిన కొత్తల్లో జపాన్ యువ కుటుంబాలు దిగాయి. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, తల్లిదండ్రులు ముసలివాళ్లయ్యారు, ఫ్లాట్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు దిగారు విదేశీయులు. ఎక్కువమంది చైనా నుంచి వచ్చినవాళ్లు, అందులోనూ చాలామంది ఐటీ ఇంజినీర్లు. ఇప్పుడు ఆ కాలనీలో సగానికి పైగా విదేశీయులే.

వాళ్లు అక్కడికే ఎందుకొచ్చారు? కారణం మీకు రేపు ఉపయోగపడుతుంది. జపాన్‌లో ప్రైవేటు ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే అడ్వాన్సుతో పాటు చాలాచోట్ల ‘రెయికిన్’ ఇవ్వాలి. అంటే ఇల్లు ఇచ్చినందుకు యజమానికి కట్నం. తిరిగి రాదు. బ్రోకర్ ఫీజు వేరు. పైగా హామీదారు కావాలి. ఊళ్లో దిగిన మొదటిరోజు మీకు హామీ ఉండేదెవరు? ‘విదేశీయులకు ఇవ్వం’ అని మొహం మీదే చెప్పే యజమానులూ ఉన్నారు. నాకు రెండు చోట్ల అదే మాట ఎదురైంది. చాలా మర్యాదగా, నడుం వంచి మరీ చెప్పారు.

దాంచిలు నడిపే యూఆర్ సంస్థ ఇళ్లకు రెయికిన్ లేదు, బ్రోకర్ ఫీజు లేదు, హామీదారు అక్కర్లేదు, రెన్యువల్ ఫీజు కూడా లేదు. ఆదాయం, వీసా అర్హతలు సరిపోతే చాలు. లిఫ్టులు, గోడలు కాస్త పాతవైనా కొత్తగా వచ్చినవాడికి అంతకంటే ఏం కావాలి?

నవ్వుతూ పిలిచేవాళ్లే కాదు, నసిగేవాళ్లూ ఉంటారు

ఒకే బిల్డింగ్‌లో ఓ పక్క డెబ్బై ఏళ్ల జపాన్ పెద్దాయన, ఓ పక్క పాతికేళ్ల విదేశీ ఇంజినీరు. గొడవలు రాకుండా ఎలా ఉంటాయి? చెత్త వేరు చేయలేదని, రాత్రి పూట మాటలు పెద్దగా వినిపిస్తున్నాయని ఫిర్యాదులు. కాలనీ బల్లల మీద విదేశీయులను తిడుతూ రాతలు కూడా వెలిశాయి.

తర్వాత జరిగింది మీలాంటి విద్యార్థులు చేసిన పని. 2015లో కొందరు కాలేజీ విద్యార్థులు ‘షిబజోనో కకెహషి ప్రాజెక్ట్’ మొదలుపెట్టారు. కకెహషి అంటే వంతెన. పిచ్చిరాతలున్న బల్లలను కాలనీవాసులతో కలిసి రంగు చేతిముద్రలతో నింపేశారు. ఇరుపక్షాలూ కలిసి కూర్చునేలా చిన్న చిన్న కార్యక్రమాలు పెట్టారు. సమస్యలన్నీ మాయమైపోలేదు. కానీ పేరు తెలిసిన పొరుగువాడిని గోడమీద తిట్టడం కష్టమని మాత్రం తేలింది.

ఇప్పటి పరిస్థితి కూడా దాచకుండా చెప్పాలి. కవాగుచిలో నలభై వేలకు పైగా విదేశీయులున్నారు. జపాన్‌లో విదేశీయులు ఎక్కువగా ఉండే నగరాల్లో ఇది ముందువరసలో ఉంది. చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్‌తో పాటు తుర్కియే నుంచి వచ్చిన కుర్దులూ ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్లలో చాలామంది శరణార్థి హోదా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవారే. 2023 నుంచి కుర్దులకు వ్యతిరేకంగా సోషల్ మీడియాలో, వీధుల్లో ప్రదర్శనలు పెరిగాయి. వాళ్లకు మద్దతుగా నిలబడిన స్థానికులూ ఉన్నారు. ‘ముందు ఎవరొచ్చారు’ అనే ప్రశ్న మళ్లీ వచ్చింది చూశారా?

ఇది చదివి భయపడమని కాదు. ఆరు నెలల్లో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదృష్టం సగం అయితే, చెత్త వేసే రోజుల క్యాలెండర్ ఫ్రిజ్ మీద అతికించుకోవడం మిగతా సగం అనుకుంటా. మొదటి వారంలో ప్లాస్టిక్ సీసా మూత తీయకుండా వేస్తే, పక్కింటి మామ్మగారు గేటు దగ్గర నన్నాపి, మూత తీసి, లేబుల్ ఒలిచి, సీసా కడిగి చూపించారు. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, నాకు జపనీస్ రాదు. పాఠం మాత్రం అర్థమైంది. తర్వాత కనిపించినప్పుడల్లా పలకరింపే.

మనవాళ్లు ఎక్కడుంటారు?

టోక్యోలో తెలుగు మాట వినాలంటే తూర్పు వైపు ఎదొగవా వార్డులోని నిషి-కసాయ్ వెళ్లాలి. 2000 సంవత్సరం మార్పుతో కంప్యూటర్లకు వచ్చిన ‘వైటూకే’ సమస్య రోజుల్లో భారతీయ ఇంజినీర్లు అక్కడ చేరడం మొదలైంది. ఆఫీసులుండే ప్రాంతానికి నేరుగా తోజాయ్ లైన్ ఉండటం, యూఆర్ ఇళ్లు దొరకడం కారణాలు. అంటే కవాగుచిలో చైనా ఇంజినీర్ల కథే అక్కడ మన కథ. ఇండియన్ కిరాణా, స్కూళ్లు, పండగ సందడి అన్నీ ఉంటాయి.

మరి ఎక్కడుండాలి? కుటుంబంతో వెళ్తే మనవాళ్ల మధ్య ఉండటం తేలిక. ఒంటరిగా వెళ్లి, భాష త్వరగా పట్టాలనుకుంటే కవాగుచి లాంటి ఊరు మేలు. కందిపప్పు దొరక్క ఇబ్బంది పడతారేమో గానీ, వినక తప్పని జపనీస్ మూడు నెలల్లో నోటికొచ్చేస్తుంది.

వెళ్లాలనుకుంటే ఇవి చూసుకోండి

* వీసా తేడా తెలుసుకోండి: డిగ్రీతో సాఫ్ట్‌వేర్, డిజైన్, ఇంజినీరింగ్ పనులకు వెళ్లేవాళ్లది ‘ఇంజినీర్’ కేటగిరీ వీసా. మీ చదువుకూ, చేసే పనికీ సంబంధం ఉండాలి. భార్య లేదా భర్తను, పిల్లలను తీసుకెళ్లొచ్చు. 2019 ఏప్రిల్‌లో మొదలైన ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసా వేరు. వృద్ధుల సంరక్షణ, తయారీ రంగం వంటి పనులకు ఇస్తారు. పోత పని కూడా అందులో ఉంది. దాని మొదటి దశలో సాధారణంగా అయిదేళ్ల వరకే ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకెళ్లే వీల్లేదు. పాత ‘టెక్నికల్ ఇంటర్న్’ పద్ధతిని తీసేసి 2027 నుంచి కొత్త విధానం తేవడానికి జపాన్ 2024లో చట్టం చేసింది. పాత పేరుతో ఎవరైనా ఆశపెడితే జాగ్రత్త.

* భాష: జేఎల్‌పీటీ పరీక్ష ఎన్5 నుంచి ఎన్1 వరకు అయిదు స్థాయుల్లో ఉంటుంది. ఎన్5 తేలిక, ఎన్1 కష్టం. ఏటా జులై, డిసెంబరుల్లో జరుగుతుంది. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా ఎన్4 స్థాయి అడుగుతారు. ఐటీలో భాష రాకుండా తీసుకునే కంపెనీలున్నా, ఎన్3, ఎన్2 ఉంటే మీరు ఎంచుకునే అవకాశాలు పెరుగుతాయి. రోజుకు గంట చొప్పున మూడో సంవత్సరంలోనే మొదలుపెట్టండి.

* జీతం అంకె ఒక్కటే చూడొద్దు: ‘త్సూకిన్ తెఅతె’ అంటే రాకపోకల భత్యం ఇస్తారా అని అడగండి. చాలా కంపెనీలు ఇంటి నుంచి ఆఫీసుకి ట్రైన్ పాస్ ఖర్చు భరిస్తాయి. నెలకు లక్షా యాభై వేల యెన్‌ల వరకు దానికి పన్ను ఉండదు. అందుకే కాస్త దూరంగా ఉండి తక్కువ అద్దె కట్టడం లాభం. నది అవతల ఊళ్లు పెరిగింది ఈ లెక్క మీద కూడా.

* ‘తెయికి’ పాస్: ఒక నెల, మూడు నెలలు, ఆరు నెలలకు తీసుకోవచ్చు. ఎంత ఎక్కువ కాలానికి తీసుకుంటే అంత చవక. ఆ దారిలోని స్టేషన్లలో సెలవురోజుల్లో కూడా ఉచితంగా దిగి ఎక్కొచ్చు.

* ఇల్లు: కంపెనీ వసతి ఇస్తుందా, ఎన్నాళ్లు ఇస్తుందా కనుక్కోండి. ఇవ్వకపోతే యూఆర్ ఇళ్లు చూడండి. ప్రైవేటు ఇల్లయితే దిగడానికే కొన్ని నెలల అద్దెకు సమానమైన డబ్బు చేతిలో ఉండాలి.

* ఏజెంట్లు: నా బ్యాచ్‌మేట్ ఒకడు ‘జపాన్‌లో గ్యారంటీ ఉద్యోగం’ అన్న మాట నమ్మి ఓ కన్సల్టెన్సీకి డబ్బు కట్టాడు. ఆఫర్ లెటర్ రాలేదు, కట్టిన డబ్బూ రాలేదు. కంపెనీ పేరు, పని, జీతం, వీసా కేటగిరీ రాతపూర్వకంగా చూపించనిదే పైసా ఇవ్వొద్దు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్లకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

చివరగా..

తిరిగొచ్చే ముందురోజు సాయంత్రం క్యూపో-లా లైబ్రరీలో కాసేపు కూర్చున్నా. ఒకవైపు స్కూలు పిల్లలు హోంవర్క్ చేసుకుంటున్నారు. ఇంకోవైపు ఒక విదేశీ కుర్రాడు కాంజి అక్షరాలు దిద్దుకుంటున్నాడు. కింద స్టేషన్ నుంచి ఆఫీసు జనం గుంపులుగా బయటికొస్తున్నారు. ఇదే చోట ఒకప్పుడు చేతికి గుడ్డ చుట్టుకుని కరిగిన ఇనుము పోసిన మనుషులు తిరిగారు.

వాళ్ల పని పోయింది. ఊరు పోలేదు. కొందరు మారారు, కొందరు తరలిపోయారు, కొందరు అదే పనిని ఇంకా బాగా చేస్తూ నిలబడ్డారు. మీరు చేరబోయే మొదటి ఉద్యోగం కూడా మీ రిటైర్మెంట్ దాకా అలాగే ఉంటుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. జపాన్ వెళ్లినా, హైదరాబాద్‌లో ఉన్నా, విశాఖలో ఉన్నా అంతే. కాబట్టి ఒక్క కంపెనీ పేరు మీద, ఒక్క టూల్ మీద జీవితమంతా పోతపోసుకోకండి. అచ్చు పగిలితే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి.

ఎప్పుడైనా కవాగుచి వెళ్తే అఒకిచో పార్కుకి వెళ్లండి. ఆ విఫలమైన పాత్ర ముందు నిలబడి సెల్ఫీ తీసుకోండి. స్టేటస్‌లో టోక్యో టవర్ ఫొటో కన్నా అదే బాగుంటుంది.